కమతం చిన్నదైన కొద్దీ కొలత దోషం పెద్దది: భూ యాజమాన్యంలో సర్వే, భూస్థానిక సాంకేతికతల వినియోగం

వ్యవసాయంలో దాదాపు ప్రతి నిర్ణయం వెనుక ఒక కొలత ఉంటుంది. ఎరువు మోతాదుకు విస్తీర్ణం తెలియాలి. గట్టు వేయడానికి వాలు తెలియాలి. మట్టి నమూనాకు స్థానం తెలియాలి. పంట నష్టం అంచనాకు విస్తీర్ణం, స్థానం రెండూ తెలియాలి. ఒకప్పుడు ఈ కొలతలు గ్రామ సర్వేయరు గొలుసుకు, ఇంజనీరు లెవెల్ యంత్రానికి పరిమితమై ఉండేవి. నేడు ఉపగ్రహ స్థాననిర్దేశం, డ్రోను, ఉపగ్రహ చిత్రాలు, భౌగోళిక సమాచార వ్యవస్థ అనే జీఐఎస్ విస్తరణ శాస్త్రవేత్తకు, వ్యవసాయ విద్యార్థికి నేరుగా అందుబాటులోకి వచ్చాయి. మొబైల్ ఫోను పట్టుకొని పొలం చుట్టూ నడిస్తే చాలు, విస్తీర్ణం తెరపై కనిపిస్తుంది.

సాధనం సులభం కావడం మంచిదే. అయితే చేతిలో ఉన్న ఒకే సాధనాన్ని అన్ని పనులకూ వాడే అలవాటు దానితోపాటే పెరుగుతున్నది. ప్రతి నిర్ణయానికీ తగిన కచ్చితత్వం ఒకటి ఉంటుంది. అంతకన్నా తక్కువ కచ్చితత్వంతో నిర్ణయం తీసుకుంటే రైతు నష్టపోతాడు, అవసరానికి మించిన కచ్చితత్వం కోసం పాకులాడితే ధనం, కాలం వృథా అవుతాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం పరిమాణం దేశంలో 1.08 హెక్టార్లు, తెలంగాణలో 1.00 హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు. ఇంత చిన్న కమతాలలో కొలత దోషం ఎలా పెరుగుతుందో, ఏ పనికి ఏ సాధనం తగినదో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

గొలుసు నుండి ఉపగ్రహం దాకా

మన భూ రికార్డులకు మూలం గొలుసు సర్వే. గంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఎకరానికి 100 సెంట్లు అనే ఆంధ్ర ప్రాంతపు లెక్క అయినా, 40 గుంటలు అనే తెలంగాణ లెక్క అయినా ఈ ఎకరానికి చెందినవే. ఒక సెంటు సుమారు 40.5 చదరపు మీటర్లు, ఒక గుంట సుమారు 101 చదరపు మీటర్లు. సర్వే నంబరులోని రాళ్ల మధ్య దూరాలను, కర్ణ రేఖ నుండి గట్ల మలుపులకు ఉన్న లంబ దూరాలను కొలిచి ఆంధ్ర ప్రాంతంలో క్షేత్ర కొలతల పుస్తకంలో, అంటే ఎఫ్‌ఎంబీలో నమోదు చేశారు. తెలంగాణలో అదే పనిని టిప్పన్ చేస్తుంది.

గొలుసు సర్వే ఒక రాయికీ మరొక రాయికీ మధ్య ఉన్న సంబంధాన్ని చెబుతుంది. ఆ రాయి భూగోళంపై ఎక్కడ ఉన్నదో చెప్పదు. రాళ్లు కదిలినా, పోయినా ఆ సంబంధాన్ని తిరిగి నేలపై నిలబెట్టడం కష్టం. కొత్త సర్వే ప్రతి మలుపుకూ అక్షాంశ రేఖాంశాలను ఇస్తుంది. రాయి పోయినా స్థానాన్ని తిరిగి గుర్తించవచ్చు. 2008లో మొదలైన జాతీయ భూ రికార్డుల ఆధునికీకరణ కార్యక్రమం ఈ మార్పుకు దారి వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో ప్రారంభమైన రీసర్వే డ్రోన్లను, నిరంతరం పనిచేసే భూ ఆధార కేంద్రాలను, రోవర్లను వినియోగించింది.

పాత విస్తీర్ణానికీ కొత్త విస్తీర్ణానికీ తేడా వచ్చినప్పుడు రైతు మొదట అడిగేది వ్యవసాయాధికారినే. కొలత దోషం, గట్టు జరగడం, రాయి కదలడం, పాత పటంలోని లెక్క తప్పడం అనేవి సాధారణ కారణాలు. నేల వాలు వల్ల తేడా వచ్చిందని చాలామంది భావిస్తారు. రికార్డులో ఉండేది సమతలంపై లెక్కించిన విస్తీర్ణం. 10 శాతం వాలున్న చెలకలో కూడా వాలు వెంబడి కొలిచిన ఉపరితల విస్తీర్ణం సమతల విస్తీర్ణం కన్నా అర శాతమే ఎక్కువ, అంటే ఎకరానికి అర సెంటు. 2 శాతం వాలులో ఆ తేడా లెక్కలోకి రాదు. కాబట్టి నాలుగైదు సెంట్ల తేడాకు వాలును కారణంగా చెప్పడం సరికాదు.

సాధనాలు – వాటి కచ్చితత్వం

సాధారణ మొబైల్ ఫోను ఆరుబయట, ఆకాశం స్పష్టంగా కనిపించే చోట సుమారు 3 నుండి 5 మీటర్ల లోపు స్థానాన్ని చూపుతుంది. మామిడి తోటలో, కొబ్బరి చెట్ల కింద, గోడల పక్కన సంకేతాలు పరావర్తనం చెందడం వల్ల దోషం ఇంకా పెరుగుతుంది. భారతీయ గగన్ వ్యవస్థ దిద్దుబాటు సంకేతాలను స్వీకరించగల చేతి పరికరాలు ఒకటి నుండి మూడు మీటర్ల స్థాయికి చేరుకుంటాయి.

సెంటీమీటర్ల కచ్చితత్వానికి ఆర్‌టీకే పద్ధతి కావాలి. స్థానం ముందే తెలిసిన ఆధార కేంద్రంలో ఒక గ్రాహకం, పొలంలో రోవర్ అనే మరొక గ్రాహకం ఒకే సమయంలో అవే ఉపగ్రహాలను వింటాయి. రెండింటికీ ఉమ్మడిగా ఉండే దోషాలు రద్దయి, క్షితిజ స్థానం 1 నుండి 3 సెంటీమీటర్ల లోపు తేలుతుంది. ఎత్తులో దోషం సాధారణంగా దీనికి ఒకటిన్నర నుండి రెండు రెట్లు ఉంటుంది. రోవర్ తెరపై ‘ఫిక్స్’ అని ఉన్నప్పుడే ఈ కచ్చితత్వం వర్తిస్తుంది. ‘ఫ్లోట్’ అని ఉన్నప్పుడు దోషం అడుగుల్లోకి పోవచ్చు. ఖరీదైన పరికరం వాడుతున్నామనే ధీమాతో ఫ్లోట్ స్థితిలో నమోదు చేసిన బిందువులు ఫోను బిందువుల కన్నా ప్రమాదకరం, ఎందుకంటే వాటిని ఎవరూ అనుమానించరు.

డ్రోను చిత్రంలో ఒక్కొక్క చుక్క నేలపై 2 నుండి 5 సెంటీమీటర్లకు సమానం కావచ్చు. చిత్రం అంత సూక్ష్మంగా కనిపించినంత మాత్రాన దాని స్థానం అంత కచ్చితమైనదని కాదు. నేలపై గుర్తులు వేసి వాటిని రోవర్‌తో కొలిచి చిత్రానికి జోడించాలి. జోడించడానికి వాడని మరికొన్ని గుర్తులతో ఫలితాన్ని సరిచూడాలి. సరిచూసిన దోషాన్ని నివేదికలో రాయని డ్రోను పటాన్ని అందమైన ఛాయాచిత్రంగా మాత్రమే పరిగణించాలి.

విస్తీర్ణంలో దోషం: కర్ణం సూత్రం

స్థానంలో 3 మీటర్ల దోషం ఉంటే విస్తీర్ణంలో ఎంత దోషం వస్తుంది? దీర్ఘచతురస్రాకారపు పొలంలో నాలుగు మూలలను మాత్రమే నమోదు చేసి, వాటి దోషాలు పరస్పరం సంబంధం లేనివని అనుకుంటే, విస్తీర్ణపు ప్రామాణిక దోషానికి ఒక చక్కని సూత్రం లభిస్తుంది. ప్రతి అక్షం వెంబడి ఉన్న స్థాన దోషాన్ని పొలం కర్ణం పొడవుతో గుణిస్తే విస్తీర్ణ దోషం వస్తుంది. విద్యార్థులు దీనిని గుర్తుంచుకుంటే క్షేత్రంలోనే నోటి లెక్కగా వాడుకోవచ్చు.

స్థాన దోషం 3 మీటర్లు అనుకొని నాలుగు ఉదాహరణలు చూద్దాం.

పది ఎకరాల చతురస్రపు క్షేత్రం: భుజం సుమారు 201 మీటర్లు, కర్ణం 284 మీటర్లు. దోషం సుమారు 853 చదరపు మీటర్లు, అంటే 21 సెంట్లు. ఇది విస్తీర్ణంలో 2 శాతం.

ఒక ఎకరం చతురస్రం: భుజం 63.6 మీటర్లు, కర్ణం 90 మీటర్లు. దోషం 270 చదరపు మీటర్లు, అంటే దాదాపు 6.7 సెంట్లు. ఇది 6.7 శాతం.

పాతిక సెంట్లు, అంటే 10 గుంటల చతురస్రం: కర్ణం 45 మీటర్లు. దోషం 135 చదరపు మీటర్లు, 3.3 సెంట్లు. ఇది 13 శాతం.

20 మీటర్ల వెడల్పు, 202 మీటర్ల పొడవు గల ఒక ఎకరం పట్టీ: కర్ణం 203 మీటర్లు. దోషం 609 చదరపు మీటర్లు, అంటే 15 సెంట్లు. ఇది 15 శాతం.

రెండవ, నాలుగవ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ ఎకరమే. ఆకారం మారగానే దోషం రెండింతలు దాటింది. కాలువ నీరు, బాట అందరికీ అందాలని అన్నదమ్ములు పొలాన్ని నిలువుగా పంచుకుంటారు. పంపకం జరిగిన ప్రతిసారీ పట్టీ మరింత సన్నబడుతుంది. అంటే కొలత సాధనానికి అత్యంత కష్టమైన ఆకారం మన గ్రామాలలో తరతరానికీ పెరుగుతున్నది.

ఈ లెక్కలో కొంత మినహాయింపు ఉంది. ఒకేసారి నడిచినప్పుడు నాలుగు మూలల దోషాలు కొంతవరకు ఒకే దిశలో ఉంటాయి కాబట్టి విస్తీర్ణ దోషం పైన చెప్పిన దానికన్నా తగ్గవచ్చు. గట్టు వెంబడి ఎక్కువ బిందువులు తీసుకున్నా, ప్రతి మూలలో కొన్ని నిమిషాలు ఆగి సగటు తీసుకున్నా మెరుగవుతుంది. చెట్లు, విద్యుత్ స్తంభాలు, గోడలు ఉన్నచోట తిరిగి పెరుగుతుంది. ఆ సంఖ్యలను కచ్చితమైన హద్దుగా కాక, దోషం ఏ స్థాయిలో ఉంటుందో తెలిపే సూచికగా గ్రహించాలి.

అదే పట్టీని 2 సెంటీమీటర్ల కచ్చితత్వం గల రోవర్‌తో కొలిస్తే దోషం 4 చదరపు మీటర్లు, సెంటులో పదోవంతు. రోవర్ లేనిచోట సాధారణ టేపు కూడా ఫోనును మించిపోతుంది. పట్టీ వెడల్పును నాలుగైదు చోట్ల టేపుతో కొలిచి సగటు తీసి, అందులో 10 సెంటీమీటర్ల తప్పు ఉన్నదనుకున్నా విస్తీర్ణంలో తేడా 20 చదరపు మీటర్లు, అంటే అర సెంటు. సన్నని పొలంలో వెడల్పును టేపుతో కొలవాలి, ఫోనును పొలం ఎక్కడున్నదో చెప్పడానికి వాడుకోవాలి.

ఎరువు సిఫారసుకు 7 శాతం దోషం పెద్ద సమస్య కాదు, ఎరువు చల్లడంలోనే అంత హెచ్చుతగ్గులు ఉంటాయి. ఎకరాకు దిగుబడి లెక్కించే ప్రయోగ క్షేత్రంలో అదే దోషం రెండు వంగడాల మధ్య నిజమైన తేడాను మింగివేయగలదు. పంట నమోదు, బీమా పరిహారం, పంట కొనుగోలు పరిమితి విస్తీర్ణంపై ఆధారపడే చోట 15 సెంట్లు రైతుకు నేరుగా డబ్బు.

కంప్యూటర్ తెరపై జరిగే తప్పులు

నేలపై జాగ్రత్తగా కొలిచిన తరువాత కూడా జీఐఎస్‌లో తప్పు దొర్లవచ్చు. విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలలో ప్రధానంగా నాలుగు అంశాలను పరిశీలించాలి.

మొదటిది ప్రక్షేపం. అంతర్జాలంలోని పటాలు ఎక్కువగా వెబ్ మెర్కేటర్ ప్రక్షేపంలో ఉంటాయి. భూమధ్యరేఖ నుండి దూరం వెళ్లిన కొద్దీ ఇది విస్తీర్ణాన్ని ఉబ్బిస్తుంది. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఆ పెరుగుదల దాదాపు 9 శాతం. ఈ ప్రక్షేపంలో గీసిన ఎకరం పొలాన్ని అదే తలంపై లెక్కిస్తే 109 సెంట్లు చూపుతుంది. ప్రపంచ పటంలో గ్రీన్‌ల్యాండ్ ఉబ్బి కనిపిస్తుందని అందరికీ తెలుసు. మన పొలం కూడా కొంత ఉబ్బుతుందన్న సంగతిని చాలామంది గమనించరు. విస్తీర్ణాన్ని యూటీఎం ప్రక్షేపంలోనైనా, భూగోళపు వంపును లెక్కలోకి తీసుకునే పద్ధతిలోనైనా లెక్కించాలి.

రెండవది యూటీఎం మండలం. తెలుగు రాష్ట్రాలలో ఎక్కువ భాగం 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి తూర్పున, 44వ మండలంలో ఉంది. అనంతపురం, ఆదోని, జహీరాబాద్, నారాయణపేట ఆ రేఖకు పశ్చిమాన, 43వ మండలంలో ఉన్నాయి. రెండు మండలాల సమాచారాన్ని చూసుకోకుండా కలిపితే పొలం వందల కిలోమీటర్ల దూరాన పడుతుంది. అంత పెద్ద తప్పు వెంటనే కంటికి కనిపిస్తుంది కాబట్టి దిద్దుకోవచ్చు.

మూడవది, కంటికి కనిపించనిది, ఆధార తలం. భారత సర్వేక్షణ శాఖ పాత టోపోషీట్లు ఎవరెస్ట్ దీర్ఘవృత్తాభంపై ఆధారపడినవి. 1802లో మద్రాసు సమీపాన విలియం లాంబ్టన్ ప్రారంభించిన త్రిభుజీకరణ సర్వే పరంపర నుండి వచ్చిన వారసత్వం అది. నేటి ఉపగ్రహ స్థాననిర్దేశం డబ్ల్యూజీఎస్-84 ఆధార తలంపై నడుస్తుంది. మార్పిడి చేయకుండా ఒకదానిపై ఒకటి పరిస్తే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరుగుడు వస్తుంది. వాగు పక్క పొలంలోకి వచ్చినట్లు, చెరువు శిఖం ఊరి మీదికి జరిగినట్లు కనిపిస్తుంది.

నాలుగవది దశాంశ స్థానాలు. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. మూడు దశాంశ స్థానాల వరకే రాస్తే స్థానం 111 మీటర్ల మెట్లలో, నాలుగు రాస్తే 11 మీటర్ల మెట్లలో, అయిదు రాస్తే సుమారు ఒక మీటరు మెట్లలో తెలుస్తుంది. మట్టి నమూనా స్థానాన్ని మూడు దశాంశాలతో రాసినవారు దానిని పక్క రైతు పొలంలోకి పంపినట్లే. ఫోనుతో తీసిన స్థానాన్ని ఎనిమిది దశాంశాలతో రాయడం కూడా సరికాదు, లేని కచ్చితత్వాన్ని ఉన్నట్లు చూపుతుంది.

ఎత్తు – నీటి మాట

విస్తీర్ణంలో తప్పు కాగితంపై తెలుస్తుంది. ఎత్తులో తప్పును మొదటి వాన చూపిస్తుంది.

మెట్ట భూములలో గట్ల మధ్య నిలువు అంతరానికి నేల, నీటి సంరక్షణ పాఠ్యగ్రంథాలలోని రామ్సర్ సూత్రాన్ని వాడతాం. వాలు శాతాన్ని మూడుతో భాగించి, దానికి రెండు కలిపి, 0.3తో గుణిస్తే మీటర్లలో నిలువు అంతరం వస్తుంది. 2 శాతం వాలుకు అది 0.8 మీటరు, అంటే గట్ల మధ్య క్షితిజ దూరం 40 మీటర్లు. పొలం పైనుండి కింది వరకు తేడా మీటరో రెండు మీటర్లో ఉండే చోట ఎత్తును కొన్ని సెంటీమీటర్ల వరకు తెలుసుకోవాలి. సమోన్నత రేఖపై ఉండవలసిన గట్టులో ఒకచోట 20 సెంటీమీటర్ల పల్లం ఉంటే నీరంతా అక్కడికే చేరి గట్టును తెంచుతుంది. గట్టు లేనప్పుడు పొలమంతా పరుచుకొని పారే నీరు ఇప్పుడు ఒకేచోట దూకి గండి కొడుతుంది. తప్పుగా వేసిన గట్టు, గట్టు లేకపోవడం కన్నా ఎక్కువ నేలను కోస్తుంది.

ఉచితంగా లభించే ఎత్తు నమూనాల పరిమితి ఇక్కడే తెలియాలి. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుండి రాడార్‌తో సేకరించిన ఎస్‌ఆర్‌టీఎం, కార్టోశాట్-1 చిత్రాల నుండి తయారైన కార్టోడెమ్ సుమారు 30 మీటర్ల గడులలో ఎత్తును ఇస్తాయి. వాటి నిలువు దోషం మీటర్లలో ఉంటుంది. చెట్లున్నచోట నేలకు బదులు ఆకుల ఎత్తును నమోదు చేస్తాయి. వాటర్‌షెడ్ సరిహద్దు గీయడానికి, వాగుల క్రమాన్ని గుర్తించడానికి, చెక్‌డ్యామ్‌కు తగిన రెండు మూడు చోట్లను ప్రాథమికంగా ఎంచుకోవడానికి అవి ఎంతో ఉపయోగం. వాటి నుండి అర మీటరు అంతరంతో సమోన్నత రేఖలు గీయమంటే సాఫ్ట్‌వేరు గీసి చూపుతుంది. ఆ రేఖలకు నేలతో సంబంధం ఉండదు. వాటి ఆధారంగా గట్టు వేయరాదు.

గట్టుకు, చెక్‌డ్యామ్ స్థలానికి డ్రోనుతోపాటు నేల గుర్తులు, లేదా రోవర్, లేదా ఆటో లెవెల్ కావాలి. డ్రోను కనిపించే ఉపరితలాన్ని మాత్రమే కొలుస్తుంది. కంది, పత్తి ఎత్తుగా ఉన్నప్పుడు ఎగరేస్తే వచ్చేది పంట ఎత్తు. పంట కోసి, మోళ్లు తొలగించిన తరువాత, తొలకరికి ముందు ఎగరేయడం ఉత్తమం. ఒక్క రైతు పొలానికైతే నీటి గొట్టపు లెవెల్, కర్రలతో చేసిన ఎ-ఆకారపు చట్రం ఈనాటికీ చాలు. రైతు స్వయంగా గుర్తు పెట్టుకొని నాగలితో గీత గీయగలగడం వాటి అదనపు ప్రయోజనం.

ఉపగ్రహ గ్రాహకం చూపే ఎత్తు గణిత శాస్త్రపు దీర్ఘవృత్తాభం నుండి లెక్కించినది. నీరు పారే దిశను నిర్ణయించేది సగటు సముద్రమట్టానికి దగ్గరగా ఉండే జియోయిడ్ తలం. దక్షిణ భారతం, శ్రీలంక ప్రాంతంలో జియోయిడ్ లోతుగా ఉండటం వల్ల తెలుగు నేలపై ఈ రెండింటి మధ్య తేడా స్థూలంగా 60 నుండి 90 మీటర్లు. తీరప్రాంతపు పొలాలు సముద్రమట్టానికి పదుల మీటర్ల దిగువన ఉన్నట్లు పరికరం చూపితే అది చెడిపోలేదని గ్రహించాలి. ఒక పొలం లోపల ఈ తేడా దాదాపు స్థిరం కాబట్టి గట్టు పనికి అడ్డురాదు. పది కిలోమీటర్ల కాలువకు మాత్రం అడ్డువస్తుంది. 10,000కు 1 వాలుతో పారే డెల్టా కాలువ కిలోమీటరుకు 10 సెంటీమీటర్లే దిగుతుంది. జియోయిడ్ కూడా కిలోమీటరుకు కొన్ని సెంటీమీటర్లు మారగలదు. కాలువ మట్టాలను లెవెలింగ్‌తోనైనా, సరైన జియోయిడ్ నమూనాతోనైనా సరిచేయకుండా నమ్మరాదు.

మాగాణిలో మరింత సూక్ష్మమైన కచ్చితత్వం కావాలి. లేజర్ లెవెలర్ మడిని సుమారు 2 సెంటీమీటర్ల లోపు చదును చేస్తుంది. ఎకరంపై ఒక సెంటీమీటరు లోతు నీరంటే సుమారు 40 వేల లీటర్లు. మడిలో ఎత్తుపల్లాల తేడా 10 సెంటీమీటర్లు ఉన్నప్పుడు ఎత్తయిన చోటును తడపడానికి సగటున 5 సెంటీమీటర్ల నీరు అదనంగా నిలపాలి. అంటే ఎకరానికి దాదాపు రెండు లక్షల లీటర్లు. కాలువ చివరి రైతుకు నీరు చేరకపోవడంలో ఎగువ మడుల ఎత్తుపల్లాలకు కూడా భాగం ఉంది.

ఉపగ్రహం చూసేది, చూడనిది

ఐరోపా అంతరిక్ష సంస్థ సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల గడులలో, రెండు ఉపగ్రహాలు కలిసి 5 రోజులకు ఒకసారి ఉచితంగా లభిస్తున్నాయి. హైదరాబాదులోని జాతీయ సుదూర సంవేదన కేంద్రం 2009 నుండి నడుస్తున్న ఇస్రో భువన్ వేదిక ద్వారా భారతీయ ఉపగ్రహాల సమాచారాన్ని అందిస్తున్నది. మండలంలో ఏ పంట ఎంత ఉన్నది, ఏ గ్రామాలలో పైరు బెట్టకు వచ్చింది, ముంపు ఎంతవరకు వ్యాపించింది అనే ప్రశ్నలకు ఇవి చక్కగా సమాధానమిస్తాయి. ఖరీఫ్‌లో మేఘాలు అడ్డుపడినప్పుడు రాడార్ చిత్రాలు ఆదుకుంటాయి. నాట్లకు ముందు నీరు నిలిపిన మడి రాడార్‌లో నల్లగా కనిపించి, పైరు పెరిగిన కొద్దీ తెల్లబడుతుంది. వరి విస్తీర్ణాన్ని గుర్తించడానికి ఆ మార్పే ఆధారం.

ఒక్క పొలం దగ్గరికి వచ్చేసరికి ఆకారం మళ్లీ అడ్డు తగులుతుంది. ఎకరం విస్తీర్ణానికి సుమారు 40 గడులు. 20 మీటర్ల పట్టీలో పూర్తిగా లోపల పడే గడులు సాధారణంగా ఒకే వరుస. మిగిలిన వాటిలో గట్టు, పక్క రైతు పంట కలిసిపోతాయి. ఆకు పచ్చదనాన్ని సూక్ష్మంగా తెలిపే రెడ్-ఎడ్జ్ పట్టీలు 20 మీటర్ల గడులలో ఉంటాయి కాబట్టి ఈ పొలానికి స్వంతమైన గడి ఒక్కటీ దొరకకపోవచ్చు. పక్క పొలంలో పచ్చగా ఉన్న చెరకు ఈ రైతు ఎండిన వేరుశనగను కప్పివేయవచ్చు. సరిహద్దు నుండి ఒక గడి లోపలికి జరిపి మిగిలిన గడులనే లెక్కించాలి. మిగలకపోతే ఉపగ్రహం ఆ పొలం గురించి చెప్పలేదని నివేదికలో రాయాలి. అక్కడికి మనిషి వెళ్లి చూడాలి.

మట్టి పరీక్షలోనూ ఇదే సూత్రం. 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన భూసార కార్డుల పథకంలో సాగునీటి భూములలో 2.5 హెక్టార్లకు, వర్షాధార భూములలో 10 హెక్టార్లకు ఒక గడి చొప్పున నమూనా తీశారు. 10 హెక్టార్లంటే సుమారు 25 ఎకరాలు, సగటు కమతం లెక్కన దాదాపు పదిమంది రైతులు. ఆ గడిలో ఎర్ర చెలకా, దాని దిగువన నల్లరేగడీ రెండూ ఉండవచ్చు. గడి ఫలితం మండల స్థాయి పోషక పటానికి బాగా పనికివస్తుంది. ఒక రైతుకు సిఫారసు చేసేటప్పుడు నమూనా తీసిన బిందువు అతని పొలంలో, అదే రకం నేలలో ఉన్నదో లేదో ముందు చూడాలి. అయిదు దశాంశాల స్థానం, నేల రంగు, మెరకో పల్లమో అనే మూడు వివరాలు నమూనా చీటీలో ఉంటే ఈ పని నిమిషంలో తేలుతుంది.

కొలత, హక్కు, సాగు

సరిహద్దు తగాదా వచ్చినప్పుడు ఫోను పటం చూపి తీర్పు చెప్పమని రైతులు విస్తరణ సిబ్బందిని అడుగుతుంటారు. ఆ పని చేయరాదు. సరిహద్దు నిర్ణయానికి చట్టబద్ధమైన విధానం ఉంది. ఇరుపక్షాలకు నోటీసు, సర్వేయరు కొలత, అభ్యంతరాల విచారణ అందులో భాగం. అక్షాంశ రేఖాంశాలు స్థానాన్ని చెబుతాయి, హక్కును చెప్పవు. మనం చేయగల సాయం వేరే ఉంది. ఫోను కొలతలో దోషం ఎంత ఉండగలదో పైన చెప్పిన కర్ణం సూత్రంతో ఇద్దరికీ వివరించవచ్చు. ‘నా భూమి ఆరు సెంట్లు తగ్గింది’ అని ఫోను పటం చూసి ఆందోళన చెందే రైతుకు, ఆ ఆరు సెంట్లు ఆ సాధనపు దోషం లోపలే ఉన్నాయని చెబితే ఒక తగాదా మొదలు కాకుండానే ఆగుతుంది.

మరొక సంగతి కౌలు రైతుది. పటంలో పొలం ఉంటుంది, రికార్డులో యజమాని ఉంటాడు, చిత్రంలో పంట కనిపిస్తుంది. ఆ పంటను పండించింది ఎవరన్నది ఏ ఉపగ్రహానికీ తెలియదు. పంట నష్టం అంచనాలో, సర్వే నమూనా ఎంపికలో పటాన్ని మాత్రమే అనుసరిస్తే పెట్టుబడి పెట్టి నష్టపోయిన మనిషి లెక్కలోంచి జారిపోతాడు. సాగుదారు ఎవరన్న వివరాన్ని పొలానికి వెళ్లి, ఇరుగుపొరుగును అడిగి నమోదు చేయడం సర్వేలో అంతర్భాగం కావాలి.

ఆచరణలో పాటించవలసినవి

క్షేత్రానికి బయలుదేరే ముందు, ఈ కొలతతో ఏ నిర్ణయం తీసుకోబోతున్నాం, ఆ నిర్ణయానికి ఎంత దోషాన్ని భరించగలం అనే రెండు ప్రశ్నలకు సమాధానం రాసుకోవాలి. దానిని బట్టి సాధనాన్ని ఎంచుకోవడం తేలిక.

మండల స్థాయి పంట పటానికి, వాటర్‌షెడ్ ప్రణాళికకు ఉచిత ఉపగ్రహ చిత్రాలు, 30 మీటర్ల ఎత్తు నమూనాలు సరిపోతాయి. మట్టి నమూనా, తెగుళ్ల నిఘా, ప్రదర్శన క్షేత్రాల గుర్తింపునకు ఫోను చాలు. ఎకరం లోపు పొలాల, సన్నని పట్టీల విస్తీర్ణానికి టేపు గానీ రోవర్ గానీ వాడాలి. ప్రయోగ మడులను టేపుతో కొలిచి లంబకోణాలను సరిచూడాలి. గట్లకు, నీటి నిర్మాణాలకు లెవెల్ యంత్రం, రోవర్, లేదా సరిచూసిన డ్రోను పటం ఉండాలి. వరి మడి చదునుకు లేజర్ లెవెలర్ తగినది.

ప్రతి పటంపై ఆధార తలం, ప్రక్షేపం, కొలిచిన తేదీ, సాధనం, సరిచూసిన దోషం అనే అయిదు వివరాలు ఉండాలి. విస్తీర్ణాన్ని ‘96 సెంట్లు’ అని కాక ‘96 సెంట్లు, 6 సెంట్లు అటూఇటూ’ అని రాయడం విద్యార్థి దశ నుండే అలవాటు కావాలి. వంద ఎకరాల ఆసామికి ఆరు సెంట్లు లెక్కలోనివి కావు. ఎకరం పట్టీతో బతికే రైతుకు ఆ ఆరు సెంట్లలో ఒక బస్తా నుండి రెండు బస్తాల వడ్లు ఉన్నాయి.